మీరు అడిగారు: చుక్కల లెక్క మనుషుల దాకా ఎలా వచ్చింది?

గత నెల ఈ శీర్షికలో ఎవరికో జవాబిస్తూ "సోషల్ కూడా సైన్సే కదండీ" అని ఒక ముక్క అనేసి ముందుకు వెళ్ళిపోయాను. అంతే, పట్టుకున్నారు. వచ్చిన ఉత్తరాలూ వాట్సాప్ మెసేజీలూ దాదాపు అన్నీ దాని చుట్టూనే. కొన్నింట్లో తిట్లు ఉన్నాయి, అవి నా దగ్గరే ఉంచుకున్నాను. మిగతావాటిలో ఏడు తీసుకుంటున్నా.

మా అమ్మాయికి ఇంటర్ ఎంపీసీలో మంచి మార్కులే వచ్చాయి. ఇంజినీరింగ్ వద్దు, బీఏలో సోషియాలజీ తీసుకుంటానంటోంది. మా ఆడపడుచేమో "అదేం చదువు వదినా, నాలుగు కబుర్లు రాసి దానికి శాస్త్రం అని పేరు పెట్టుకున్నారు" అంటోంది. మీరు సైన్సే అన్నారు. ఎలా అంటారు?
ఒక తల్లి, హనుమకొండ

మీ ఆడపడుచు గారి అనుమానానికి దాదాపు రెండొందల ఏళ్ళ వయసుంది, కాబట్టి ఆవిడ మీద కోపం తెచ్చుకోకండి. ముందు మాట సంగతి చూద్దాం. మన తెలుగులో శాస్త్రం అన్నది పెద్ద చాప, దాని మీద అందరికీ చోటుంది. వ్యాకరణం శాస్త్రమే, వాస్తూ శాస్త్రమే, వంటకు పాకశాస్త్రం ఉంది, మీద బల్లి పడితే దానికీ ఒక శాస్త్రం ఉంది, ఆఖరికి పెళ్ళిలో ఏదైనా తంతు తూతూమంత్రంగా కానిస్తే "శాస్త్రానికి చేశాం" అంటాం. ఇంగ్లీషులో కూడా సైన్స్ అంటే చాలాకాలం క్రమంగా నేర్చుకున్న జ్ఞానం అనే అర్థం. ఫిజిక్స్, కెమిస్ట్రీల్లాంటివి మాత్రమే సైన్స్ అనే ఇరుకు అర్థం గట్టిపడింది 19వ శతాబ్దంలో. అసలు "సైంటిస్ట్" అనే మాటను విలియం హ్యూవెల్ అనే కేంబ్రిడ్జి పండితుడు 1833లో ఒక సభలో సూచించాడు, 1834లో అచ్చులోకి ఎక్కించాడు. న్యూటన్ బతికున్నంతకాలం ఆయన్ను ఎవరూ సైంటిస్ట్ అనలేదు, అనడానికి ఆ మాటే పుట్టలేదు.

మరి "సోషియాలజీ" అనే మాట? ఫ్రాన్సులో ఓగ్యూస్త్ కామ్త్ అనే తత్వవేత్త 1839లో వాడాడు. అంటే ఈ రెండు మాటలకీ మధ్య అయిదేళ్ళే తేడా, అక్కాచెల్లెళ్ళ వరస. సైన్స్ అనే పెద్ద భవనం ఎప్పుడో కట్టేసి ఉంటే, సోషల్ వాళ్ళు తర్వాత వచ్చి పక్కన రేకుల షెడ్డు వేసుకున్నారని మనం అనుకుంటాం చూడండీ, అది జరగలేదు.

కామ్త్ మొదట పెట్టుకున్న పేరు "సోషల్ ఫిజిక్స్". 1835లో ఒక బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త తన పుస్తకానికి ఉపశీర్షికగా అదే పేరు వాడేసుకున్నాడు. పేరు కొట్టేశాడన్న మంటతో కామ్త్ సగం లాటిన్, సగం గ్రీకు అతికించి "సోషియాలజీ" తయారు చేసుకున్నాడు. నా అభిప్రాయం అడిగితే, కామ్త్ ఇచ్చింది పేరు. అరవ చాకిరీ అంతా, లెక్కలూ పట్టికలూ, ఆ బెల్జియం ఆయనదే. ఆయన గురించి కిందే చెప్తాను, ఇంకో పాఠకుడికి ఆయనతో వేరే పేచీ ఉంది.

మీ అమ్మాయి సంగతి: ఎంపీసీ చదివింది కాబట్టి లెక్కలంటే భయం ఉండదు, బీఏలో స్టాటిస్టిక్స్ కూడా దొరికే కాలేజీ చూడండి. సోషియాలజీకి లెక్కలు రావడం అనేది వంటకు ఉప్పులాంటిది.

చెకప్‌కి వెళ్తే డాక్టరు నా బీఎంఐ 27 అన్నారు, లావట. మంచిగా తిరుగుతున్నాను, మెట్లెక్కుతున్నాను. ఎత్తునీ బరువునీ భాగిస్తే నా ఆరోగ్యం తెలిసిపోతుందా? ఈ లెక్క కనిపెట్టిన డాక్టరెవరండీ?
బ్యాంకు ఉద్యోగి, విజయవాడ

డాక్టరు కాదు. నేను పైన చెప్పిన బెల్జియం ఖగోళ శాస్త్రవేత్తే, అడోల్ఫ్ కెట్లే. 1796లో గెంట్ పట్టణంలో పుట్టాడు. బ్రస్సెల్స్‌లో అబ్జర్వేటరీ కట్టిస్తానని ప్రభుత్వం వెంటపడ్డాడు, ఆ పని నేర్చుకురమ్మని 1823లో పారిస్ పంపించారు. దుర్భిణీల సంగతి నేర్చుకోవడానికి వెళ్ళినవాడు దాంతోపాటు సంభావ్యత లెక్కలు కూడా నేర్చుకుని వచ్చాడు. మన కథంతా ఆ రెండో సరుకుతోనే మొదలవుతుంది.

ఆకాశంలో ఒక చుక్క ఎక్కడుందో పదిమంది కొలిస్తే పది జవాబులొస్తాయి. చెయ్యి వణుకుతుంది, గాలి కదులుతుంది, కన్ను మోసం చేస్తుంది. కానీ ఆ తప్పులకు కూడా ఒక పద్ధతి ఉంది: చిన్న తప్పులు ఎక్కువ, పెద్ద తప్పులు తక్కువ, అటు ఎన్నో ఇటూ అన్నే. గీత గీస్తే గుళ్ళో గంట బోర్లించినట్టు వస్తుంది. మధ్యలో ఉన్న సగటు అసలు స్థానానికి దగ్గరగా ఉంటుందని ఖగోళం వాళ్ళు నమ్మకంగా వాడుతున్నారు.

కెట్లే ఈ గంటను పట్టుకెళ్ళి మనుషుల మెడలో కట్టాడు. 5,738 మంది స్కాట్లండ్ సైనికుల ఛాతీ కొలతలు ఒక పాత వైద్యపత్రికలో దొరికాయి ఆయనకు. వరసపెట్టి చూస్తే మధ్యలో 40 అంగుళాల దగ్గర జనం గుంపు కట్టారు, అటూ ఇటూ పలచబడ్డారు, అచ్చు చుక్కల తప్పుల గీతే! ఆయనకు కలిగిన ఆశ్చర్యాన్ని ఇలా ఊహించుకోండి. ఒకే ఒక్క సైనికుణ్ణి నిలబెట్టి, చేతులు వణికే దర్జీ ఒకాయన 5,738 సార్లు టేపు చుట్టి కొలిస్తే ఎలాంటి పట్టీ వస్తుందో, ఇంతమంది వేరువేరు మనుషుల్ని కొలిచినా అలాంటి పట్టీయే వచ్చింది. దాంతో ఆయన ఒక పెద్ద గెంతు గెంతాడు: ప్రకృతి ఒక "సగటు మనిషి"ని తయారు చేద్దామనుకుంది, మనమంతా ఆ ప్రయత్నంలో దొర్లిన తప్పులం.

ఇక్కడ నేను ఆయనతో ఒప్పుకోను. చుక్కకు అసలు స్థానం అంటూ ఒకటుంది, మనం చూడలేకపోయినా అది అక్కడుంటుంది. సైనికులకు అలాంటి అసలు సైనికుడు ఎక్కడున్నాడు? అయినా ఆ సగటు మనిషి ఇవాళ్టికీ చావలేదు. రెడీమేడ్ షర్టు సైజులో ఉన్నాడు, బస్సు సీటులో ఉన్నాడు (పొడుగువాళ్ళకి మోకాళ్ళు తెలుసు ఆ సంగతి), మీ డాక్టరు గారి చార్టులో ఉన్నాడు. పెద్దవాళ్ళలో బరువు ఎత్తు వర్గాన్ని (అంటే ఎత్తును ఎత్తుతోనే హెచ్చవేస్తే వచ్చేదాన్ని) బట్టి పెరుగుతుందని 1832 ప్రాంతంలో కెట్లే గమనించాడు, జనం మొత్తం ఎలా ఉన్నారో చూడ్డానికి. ఒక మనిషికి రోగముందా లేదా అని తేల్చడం ఆయన ఉద్దేశమే కాదు. ఆ లెక్కకు "బాడీ మాస్ ఇండెక్స్", అదే మీ బీఎంఐ, అనే పేరు పెట్టింది 1972లో అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ బృందం.

అంతమాత్రాన మీ 27ని గాలికొదిలేయమని నేను చెప్పినట్టు డాక్టరు గారితో అనకండి. మనవాళ్ళకు 23 దాటితేనే జాగ్రత్త పడమంటున్నారు, ఎందుకంటే తక్కువ బరువు దగ్గరే మనకు పొట్ట చుట్టూ కొవ్వు, షుగరు వచ్చేస్తున్నాయి. నడుం కొలత, షుగరు పరీక్ష చూపించుకోండి. ఆ తర్వాత కెట్లేని తిట్టుకుందాం.

ఆయన్ని పూర్తిగా తిట్టలేం కూడా, ఈ ఒక్క సంగతి వినండి. ఫ్రెంచి సైన్యంలో చేర్చుకోవడానికి కొలిచిన లక్షమంది కుర్రాళ్ళ ఎత్తులు ఆయన తీసి చూశాడు. 1.57 మీటర్ల కంటే పొట్టివాళ్ళకు సైన్యం నుంచి మినహాయింపు. గంట గీత ప్రకారం ఆ గీటు కింద 26,345 మంది ఉండాలి, పట్టికలో 28,620 మంది ఉన్నారు. గీటుకు కాస్త పైన చూస్తే ఇంచుమించు అంతమంది తగ్గారు. అంటే రెండువేలకు పైగా కుర్రాళ్ళు ఎలాగోలా ఒకటి రెండు సెంటీమీటర్లు పొట్టి అయిపోయారన్నమాట! మోకాళ్ళు వంచారో, కొలిచేవాడి చెయ్యి తడిపారో. మన దగ్గర కానిస్టేబుల్ సెలక్షన్‌లో మునివేళ్ళ మీద నిక్కుతారు, అక్కడ కుంగారు. ఒక్కొక్కణ్ణి చూస్తే ఎవడు దొంగో తెలీదు, లక్షమందిని కలిపి చూస్తే దొంగతనం కనిపించింది. సోషల్ సైన్స్ అంటే ఏమిటని అడిగితే నేను ఈ ముచ్చటే చెప్తాను.

నేరాలు ఏటా ఒకే లెక్కలో జరుగుతాయని ఎక్కడో చదివాను. అలాగైతే నేరం చేసినవాడి తప్పేముంది? లెక్క ప్రకారం ఎవరో ఒకరు చెయ్యాలిగా!
డిగ్రీ విద్యార్థి, కర్నూలు

అది కూడా కెట్లే పెట్టిన తంటానే. ఫ్రాన్సు ప్రభుత్వం 1825 నుంచి ఉన్న కోర్టు లెక్కల్ని ఏటేటా అచ్చువేయడం మొదలుపెట్టింది. వాటిలో ఏటేటా నిందితుల్లో వందకు ఇంచుమించు 60 మందికి శిక్ష పడుతోంది, ఒకటి రెండు అటూ ఇటూ. జైళ్ళకూ ఉరికంబాలకూ కూడా ఒక బడ్జెట్ ఉందనీ, జనం దాన్ని పన్నుల కంటే క్రమం తప్పకుండా కడుతున్నారనీ ఆయన రాశాడు. నేరాన్ని సమాజమే సిద్ధం చేస్తుంది, నేరస్థుడు పనిముట్టు మాత్రమే అన్నాడు. చర్చిల్లోనూ పత్రికల్లోనూ పెద్ద రభస జరిగింది, అడిగిన ప్రశ్న మీరడిగిందే.

జవాబు మాత్రం చిన్నదే. లెక్క జనం గురించి చెప్తుంది, ఫలానా మనిషి గురించి చెప్పదు. సంక్రాంతికి ఎన్ని బస్సులు వెయ్యాలో ఆర్టీసీకి తెలుసు, మీరు ఊరెళ్తారో లేదో ఆర్టీసీకి తెలీదు, మీకు తెలుసు. అందుకని టికెట్ కొనుక్కునేటప్పుడు మీ ఇష్టం ఏమీ తగ్గిపోలేదు. 1897లో ఫ్రెంచి సోషియాలజిస్ట్ దుర్ఖైమ్ ఆత్మహత్యల మీద పుస్తకం రాసినప్పుడు ఈ దారినే వెళ్ళాడు. ఇంత సొంత విషయంలో కూడా రేటు దేశాన్ని బట్టీ, మతాన్ని బట్టీ, పెళ్ళయిందా లేదా అన్నదాన్ని బట్టీ మారుతోంది కాబట్టి, కారణం వెతకాల్సింది మనిషి లోపలే కాదు, మనుషుల మధ్య కూడా అన్నాడు.

మన కౌటిల్యుడి అర్థశాస్త్రం ఉండగా ఈ తెల్లవాళ్ళ చరిత్ర ఎందుకు?
ఒక పాఠకుడు, తెనాలి

రెండూ చదవండి, ఎవరు వద్దన్నారు. అర్థశాస్త్రంలో గోపుడనే ఉద్యోగి ఇళ్ళూ మనుషులూ పశువులూ లెక్క రాయాలని ఉంది, చాలా శ్రద్ధగా రాసిన భాగం అది. కానీ అది రాజు చేతిలో ఉండే చిట్టా, బయటివాడు తిరగేసి "నీ లెక్క తప్పు" అనడానికి వీల్లేనిది. నాకు ఆ తేడానే ముఖ్యం. ఇంకోటి, ఎకనామిక్స్‌ని మనం అర్థశాస్త్రం అంటున్నది ఆధునిక కాలంలో పాత పేరు తీసి వాడుకోవడమే. కౌటిల్యుడు రాసింది రాజ్యం నడపడం గురించి.

సైకాలజీ ఫిలాసఫీ లోంచి విడిపోయింది అని మా పుస్తకంలో ఒక్క లైను ఉంది. అంతేనా?
పీజీ విద్యార్థిని, విశాఖపట్నం

ఆ ఒక్క లైను వెనక ఒక ఉద్యోగం ఊడిన కుర్రాడున్నాడు. నాకు సైన్స్ చరిత్రలో బాగా ఇష్టమైన కథ ఇది, కాస్త ఓపిక పట్టండి.

ఇంగ్లండులోని గ్రీనిచ్ అబ్జర్వేటరీలో నెవిల్ మాస్కెలిన్ పెద్ద దొర, ఆయన కింద డేవిడ్ కినెబ్రూక్ అసిస్టెంటు. దుర్భిణీలో నిలువుగా సన్నటి తీగలు ఉంటాయి. చుక్క ఒక తీగను ఏ క్షణంలో దాటిందో సెకనులో పదో వంతు దాకా రాయాలి. స్టాప్‌వాచీలు లేవు. చెవితో గోడ గడియారం టిక్కులు లెక్కపెడుతూ, కంటితో చుక్కను చూస్తూ, ఈ టిక్కుకు ఎక్కడుంది, వచ్చే టిక్కుకు ఎక్కడికి పోయింది అని మనసులో రెండూ కలిపి అంచనా కట్టాలి. 1795లో కినెబ్రూక్ లెక్కలు దొరగారి లెక్కల కంటే అర సెకను వెనక పడుతున్నాయి. జాగ్రత్తగా చెయ్యి అని చెప్పారు. పాపం జాగ్రత్త పడే ఉంటాడు, పక్కన పెద్దాయన నిలబడితే టెన్షన్ ఎలా ఉంటుందో మీకు తెలుసు. 1796 జనవరికి తేడా తగ్గకపోగా 0.8 సెకను అయింది, ఉద్యోగం పోయింది. 0.8 సెకనుకు ఇంత గొడవా అనిపిస్తుంది గానీ, భూమి తిరిగే వేగం ప్రకారం భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 370 మీటర్ల తేడా. ఓడలకు దారి చూపించే లెక్కలు అవి.

ఇరవై ఏళ్ళు పోయాక బెసెల్ అనే జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త ఈ సంగతి చదివి అందరిలా నవ్వి ఊరుకోలేదు. కుర్రాడు నిజంగానే పనిదొంగా, లేక ఇద్దరు నిపుణులు చూసినా తేడా వస్తుందా అని తన తోటివాళ్ళతో పోల్చి చూసుకున్నాడు. ఒకాయనకూ తనకూ మధ్య ఏకంగా సెకను పైనే తేడా వచ్చింది! ఇద్దరూ పేరున్నవాళ్ళే, ఎవర్ని తీసేస్తారు? అప్పట్నుంచి ఖగోళం వాళ్ళు ప్రతి పరిశీలకుడికీ ఒక "వ్యక్తిగత సమీకరణం" కట్టి, అంత మేర సవరించుకోవడం మొదలుపెట్టారు.

వాళ్ళకు అది సవరించుకుని పారెయ్యాల్సిన చెత్త. కానీ ఆ చెత్తే ఇంకొందరికి సరుకైంది. కన్ను చూసిందీ చెవి విన్నదీ మనసులో కలవడానికి టైము పడుతుందా, పడితే దాన్ని కొలవొచ్చా? నెదర్లాండ్స్‌లో డాండర్స్ 1860లలో జనం ఎంతసేపట్లో స్పందిస్తున్నారో కొలిచాడు. జర్మనీలో విల్‌హెల్మ్ వుంట్ మొదట లోలకం గడియారంతో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని, చివరికి 1879లో లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో సైకాలజీ లాబొరేటరీ పెట్టాడు. మీ సిలబస్‌లో రియాక్షన్ టైం ప్రాక్టికల్ ఉంటుంది కదా, ఆ పరికరం ముందు కూర్చున్నప్పుడు ఒకసారి కినెబ్రూక్‌ని తలుచుకోండి.

మా తాతగారి బీరువాలో దక్షిణ భారతంలోని కులాల మీద ఒక పాత ఇంగ్లీషు పుస్తకం సెట్టు దొరికింది. ప్రతి కులానికీ ముక్కు కొలతలు ఇచ్చారు! నవ్వాలా, ఏడవాలా?
రిటైర్డ్ టీచర్, ఖమ్మం

ఏడు సంపుటాలైతే అవి ఎడ్గార్ థర్‌స్టన్‌వి, 1909లో వచ్చాయి, రంగాచారి గారు సాయం. థర్‌స్టన్ మద్రాసు మ్యూజియం సూపరింటెండెంటు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి వందతో హెచ్చవేస్తే వచ్చేది "నాసికా సూచి". హెర్బర్ట్ రిస్లీ అనే అధికారి బెంగాల్లో ఈ కొలతలు తీయించి, కులం పైకి పోయేకొద్దీ ముక్కు సన్నబడుతుందని సిద్ధాంతం చేశాడు. కెట్లే గంటలో సగటు ఉంది గదా, ఇప్పుడు ఒక్కో కులానికీ ఒక్కో సగటు మనిషి తయారయ్యాడు.

థర్‌స్టన్ ఒక సంగతి దాచుకోకుండా రాశాడు: వైనాడులో పణియ అనే గిరిజన తెగ స్త్రీలు ఆయన్ని చూసి పరుగు లంకించుకున్నారట, తమలో బాగున్నవాళ్ళను పట్టుకెళ్ళి, గడ్డి కూరి మద్రాసు మ్యూజియంలో నిలబెడతాడని భయపడి. ఆయనకది తమాషాగా తోచింది. నాకైతే ఆ పుస్తకం మొత్తంలో కొలిచేవాణ్ణి తిరిగి కొలిచిన చోటు అదొక్కటే అనిపిస్తుంది, పైగా వాళ్ళ అంచనా మరీ అంత తప్పు కూడా కాదు.

చుక్కల లెక్కకూ మనుషుల లెక్కకూ అసలు తేడా తేలింది మాత్రం సెన్సస్‌లో. 1901 జనాభా లెక్కలకు రిస్లీయే కమిషనర్, కులాలను సామాజిక హోదా ప్రకారం పైనుంచి కిందికి పేర్చమన్నాడు. చుక్కను ఏ వరసలో రాసినా అది అర్జీ పెట్టదు. మనుషులు పెట్టారు! కుల సంఘాలు ఏర్పడ్డాయి, మా పేరు మార్చండి, మేము క్షత్రియులం, మేము వైశ్యులం అని. 1911 లెక్కల నాటికి ఒక్క బెంగాల్ సూపరింటెండెంటుకు వచ్చిన అర్జీల బరువే మణుగున్నర ఉందట, అంటే 55 కిలోల పైచిలుకు కాగితం.

పుస్తకాలు పారెయ్యకండి, పాటలూ పెళ్ళి తంతులూ వృత్తుల వివరాలూ అందులో చాలా ఉన్నాయి. ముక్కుల పేజీలు తిప్పేయండి.

ఈ కథలో తెలుగువాళ్ళెవరూ లేరా? సి.ఆర్. రావు గారు గణితం ఆయనే కదా, సోషల్‌తో ఆయనకేం పని?
సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, డాలస్

చాలా పని ఉంది. స్టాటిస్టిక్స్‌లో పెద్ద పేరున్న రావు గారు 1920లో ఇప్పటి కర్ణాటకలోని హడగళిలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎం.ఏ. చేసి, సైన్యం సర్వే విభాగంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్ళారు. అది రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సంగతి చెబితే వెళ్ళి చూసి 1941లో అందులో చేరారు.

ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ చదివింది ఫిజిక్స్. 1920లో నాగపూర్ సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్రజ్ఞుడు ఆనండేల్, కలకత్తా ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు తీశాను, కాస్త లెక్క చూసిపెట్టు అని అడిగాడు. రెండు జనసమూహాలు ఒకదానికొకటి ఎంత దగ్గర, ఎంత దూరం అనే ప్రశ్న అక్కడ పట్టుకుంది ఆయన్ని. ఒక్క ముక్కును చూసి తేల్చడం కుదరదు, ఎత్తు పెరిగితే చెయ్యీ పెరుగుతుంది, కొలతలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి, ఆ ముడిని లెక్కలోకి తీసుకుని దూరం కట్టాలి. 1936లో దానికి పక్కా రూపం వచ్చింది, అదే మహలనోబిస్ దూరం. మీ ఆఫీసులో డేటాలో తేడాగా ఉన్న లావాదేవీని పట్టుకోవడానికి వాడుతూ ఉంటారు, అడిగి చూడండి. రిస్లీ పట్టికల్లో తప్పుల్ని 1930లలో ఏరి సవరించింది కూడా ఈయనే.

రావు గారు చేరగానే చేతికొచ్చిన పెద్ద పనుల్లో ఒకటి 1941లో యునైటెడ్ ప్రావిన్సెస్‌లో (ఇప్పటి ఉత్తరప్రదేశ్ వైపు) తీసిన శరీర కొలతల లెక్క. మహలనోబిస్‌తోనూ మానవశాస్త్రజ్ఞుడు మజుందార్‌తోనూ కలిసి ఆయన రాసిన నివేదిక 1949లో వచ్చింది. ఈలోగా కేంబ్రిడ్జి మ్యూజియం నుంచి పిలుపు: సూడాన్‌లో జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పాత ఎముకలున్నాయి, మీ దూరం పద్ధతి తెలిసినవాళ్ళను పంపండి అని. 1946లో ఇద్దరు వెళ్ళారు. ఒకరు రావు గారు, పగలు మ్యూజియంలో ఎముకల లెక్క, ఆ పని మీదే స్టాటిస్టిక్స్ దిగ్గజం ఫిషర్ దగ్గర 1948లో పీహెచ్‌డీ. రెండో ఆయన రామకృష్ణ ముఖర్జీ, అవే ఎముకలు కొలిచి వచ్చి తర్వాత దేశంలో పేరున్న సోషియాలజిస్ట్ అయ్యారు.